తమ్ముడి కోసం వీధిలో బొమ్మల గ్రూప్ పెడితే నిలుస్తుందా అన్నారు కదా, నాకు తెలిసింది చెప్తా

మీరు అడిగింది చదివానమ్మా. తమ్ముడికి 23 ఏళ్ళు, సెరిబ్రల్ పాల్సీ (ఒంటి కదలికలు మన అదుపులో ఉండని స్థితి), ఇంటర్ అయ్యాక ఇల్లు కదల్లేదు, బొమ్మలు వేయడమంటే ప్రాణం, మీ వీధిలోనే ఇంకో ముగ్గురు నలుగురు ఇలాగే ఇళ్ళల్లో కూర్చుండిపోయారు, వాళ్ళనీ మామూలు పిల్లల్నీ పెద్దవాళ్ళనీ అందర్నీ కలిపి ఆదివారాలు ఒక బొమ్మల గ్రూప్ పెడదామని మీకుంది, కానీ జనం వస్తారా, వచ్చినా నిలుస్తారా, అసలు దానివల్ల వాడికి నలుగుర్లోకి వెళ్ళే ధైర్యం వస్తుందా, ఇవీ మీ అనుమానాలు. నేను జిల్లా పరిషత్ హైస్కూల్లో డ్రాయింగ్ టీచర్‌గా చేసి రిటైరయ్యా. మా రాజమండ్రిలో మా కాలనీ కమ్యూనిటీ హాల్లో తొమ్మిదేళ్ళ నుంచి ప్రతి ఆదివారం ఇదే పని. కాబట్టి కాస్త పొడుగ్గా రాస్తా, మధ్యలో వేరే ఊసులు కూడా వస్తాయి, ఏమనుకోకండి, మా గోదారోళ్ళకి మాట మొదలెట్టడమే గానీ ఆపడం రాదు.

మొదటి రెండేళ్ళు నేను చేసిన తప్పు ఏంటంటే, వచ్చిన ప్రతివాళ్ళనీ పొగిడేసేదాన్ని. ఏం గీసినా "అబ్బ ఎంత బావుందో", ఏం పూసినా చప్పట్లు. ధైర్యం రావాలంటే మెచ్చుకోవాలి కదా అనుకునేదాన్ని. నన్ను దారిలో పెట్టింది ఒక బోర్డుల మాస్టారు. ఆయన మా ఊళ్ళో షాపులకీ లారీలకీ సినిమా హాళ్ళకీ 40 ఏళ్ళు పేర్లు రాసిన మనిషి. ఫ్లెక్సీలొచ్చి సగం పని పోయింది, తర్వాత పక్షవాతం వచ్చి కుడి చెయ్యి పూర్తిగా పోయింది. వాళ్ళావిడ బలవంతాన తీసుకొచ్చి కూర్చోబెట్టేది. రెండు మూడు వారాలు చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. నేను ఊరుకోకుండా ఎడం చేతికి బ్రష్ ఇచ్చి, ఆయన ఏదో వంకర గీత గీస్తే, "ఎంత బాగా వచ్చింది మాస్టారూ" అన్నా. ఆయన నా వంక చూసి "ఏది బావుందో ఏది బాలేదో నాకు తెలీదా అమ్మా, 40 ఏళ్ళు రాశాను" అన్నారు. నాకు తల తీసేసినట్టయింది. ఇంకో వారం రాలేదు కూడా.

తర్వాత ఆయన మళ్ళీ ఎలా వచ్చారంటే, హాలు బయట మా గ్రూప్ పేరు రాయాల్సొచ్చింది, ఇద్దరు తొమ్మిదో క్లాసు పిల్లలు స్కేలు పెట్టి రాస్తున్నారు, అక్షరాలు ఒకటి లావు ఒకటి సన్నం. ఆయన అటుగా మందుల షాపుకి పోతూ ఆగి, చూసి, ఉండబట్టలేక లోపలికొచ్చేశారు. "అది ళ కాదురా, అది పురుగు" అన్నారు. దారానికి సుద్ద రాసి గోడ మీద రెండు చివర్లా గట్టిగా పట్టుకుని మధ్యలో లాగి వదిలితే తిన్నగా గీత పడుతుంది, ఆ సంగతి ఆ పిల్లలకి తెలీదు, వాళ్ళ చేత కొట్టించారు. తలకట్టు ఎంత ఎత్తులో పెట్టాలో, రెండక్షరాల మధ్య ఎంత సందు వదలాలో, అన్నీ నోటితో చెప్పి రాయించారు. ఆ రోజు నుంచి మా దగ్గర అక్షరం రాయాలంటే ఆయన ఒప్పుకుంటేనే. ఇప్పటికీ ఎడం చేత్తో ఆయన బ్రష్ పట్టరు. పట్టమని మేం అడగం కూడా.

అందుకే మీకు చెప్పదలుచుకున్న అసలు సంగతి ఇదే. మనిషికి "నేను కూడా ఇక్కడి వాణ్ణే" అనిపించేది మనం వాళ్ళని మెచ్చుకున్నప్పుడు కాదు, వాళ్ళు రాకపోతే మన పని ఆగిపోయినప్పుడు. మీ తమ్ముడు ఆదివారం రాలేదనుకోండి, ఆ రోజు ఏదో ఒకటి ఆగిపోవాలి. అలా ఆగిపోయే పని ఏంటో వెతకడమే నిర్వాహకురాలిగా మీ పని, మిగతావన్నీ కుర్చీలు వేయడం లాంటివి.

దీనికి రివర్స్ కూడా చెప్తా, నా తప్పే కాబట్టి దాచుకోను. డిసెంబర్ 3 వికలాంగుల దినోత్సవం కదా, ఒక ఏడాది ఆ రోజు మా బొమ్మల ప్రదర్శన పెడదామని ఒక సంస్థవాళ్ళు ముందుకొచ్చారు, పేరెందుకులెండి. షామియానా, మైకు, పూలదండలు. మా గ్రూప్‌లో ఒక కుర్రాడు, బైక్ యాక్సిడెంట్లో వెన్నుపూస దెబ్బతిని వీల్‌చైర్లో ఉంటాడు, మొబైల్ రిపేర్ షాపు వాడిది, మనిషి గట్టివాడే. వాణ్ణి నలుగురు కుర్చీతో సహా ఎత్తి స్టేజీ మీద పెట్టారు, ర్యాంప్ లేదు మరి. ముఖ్య అతిథి మైకు పట్టుకుని "కాళ్ళు లేకపోయినా ఈ అభాగ్యుడు" అని మొదలెట్టి, మీరందరూ వీణ్ణి చూసి నేర్చుకోవాలి అని పావుగంట మాట్లాడి, చివర్లో ఒక దుప్పటీ రెండు యాపిల్ పళ్ళూ చేతిలో పెట్టి ఫొటో దిగారు. వాడు గీసిన బొమ్మ గురించి ఒక్క ముక్క లేదు. ఆ బొమ్మ గోదారి రైలు బ్రిడ్జి, నెల రోజులు కూర్చుని వేశాడు. ఆ తర్వాత వాడు మా గ్రూప్‌కి ఏడాది పైన రాలేదు. ఫోన్ చేస్తే "షాపులో బిజీ మేడమ్" అనేవాడు. నాకు తెలుసు ఎందుకు రావట్లేదో.

వాణ్ణి మళ్ళీ రప్పించింది ముగ్గు. ఇది కాస్త వివరంగా చెప్తా, ఎందుకంటే మీరు మొదలెట్టేటప్పుడు ఇదే చేయమని నా సలహా. ధనుర్మాసంలో హాలు ముందు సిమెంటు జాగాలో పెద్ద ముగ్గు వేద్దామనుకున్నాం. 15 చుక్కల సందు చుక్క ముగ్గు, 8 వచ్చేదాకా. ముగ్గులు తెలిసినవాళ్ళకి చెప్పక్కర్లేదు, మధ్య వరస 15, దానికి అటూ ఇటూ 14, 13 అలా తగ్గిస్తూ 8 దాకా, పై వరస చుక్క కింద వరస రెండు చుక్కల సందులో పడాలి. మొత్తం 169 చుక్కలు. చుక్కకీ చుక్కకీ ఎనిమిదంగుళాలు పెట్టుకుంటే తొమ్మిదడుగుల పైచిలుకు వస్తుంది. ఒక్క మనిషి ఇంటి ముందు వేసుకునే ముగ్గు కాదన్నమాట అది.

మా గ్రూప్‌లో ఒక మామ్మగారున్నారు, గ్లాకోమాతో చూపు పోయింది. ఆవిడకి ఆ ముగ్గు కంఠతా వచ్చు, ఏడెనిమిదేళ్ళ వయసు నుంచి వేసిన చెయ్యి. కానీ వంగలేరు, కనపడదు. మొబైల్ కుర్రాడికి ఫోన్ చేసి నిజమే చెప్పా, "చుక్కలు తిన్నగా పెట్టేవాడు కావాలి, సర్క్యూట్ బోర్డు మీద టంకం పెట్టే చెయ్యి నీది, ఇంకెవరివల్లా కావట్లేదు" అని. వచ్చాడు. వీల్‌చైర్లో కూర్చుని నేల మీద ముగ్గు ఎలాగంటారా, అది కూడా వాడే కనిపెట్టాడు. ముప్పావు అంగుళం పీవీసీ పైపు ముక్క మూడడుగులది, పైన కిరసనాయిలు పోసే గరాటు, కింద చిల్లు పొడిచిన కూల్‌డ్రింక్ మూత. గరాట్లో ముగ్గుపిండి పోసి పైపు మీద వేలితో ఒక్కసారి తడితే ఒక్క చుక్క. ఇంకో తిరకాసు ఏంటంటే పెట్టిన చుక్కల మీద నుంచి చక్రాలు పోతే అన్నీ చెరిగిపోతాయి, అందుకని దూరంగా ఉన్న వరస నుంచి మొదలెట్టి వెనక్కి వెనక్కి జరుగుతూ వచ్చాడు, వరస తిన్నగా ఉండటానికి బోర్డుల మాస్టారు చెప్పినట్టు ఇద్దరు పిల్లలు దారం పట్టుకున్నారు.

చుక్కలయ్యాక మామ్మగారు కుర్చీలో కూర్చుని గీత ఎలా వెళ్ళాలో చెప్తుంటే, వినపడని ఒక అమ్మాయి ఉంది మా దగ్గర, డిగ్రీ చదువుతోంది, ఆ పిల్ల చెయ్యి చాలా నీటు, ఆ పిల్ల వేస్తోంది. మామ్మగారి మాటల్ని ఇంకో పిల్ల చేతి సైగలతో ఆ అమ్మాయికి చూపిస్తోంది. అలా సగం అయ్యేసరికి ఒకచోట మెలిక తిప్పడానికి చుక్క లేదు. వెనక్కి లెక్కేస్తే 168. మామ్మగారికి తెలిసి, "ఏరా, చుక్క ఎగ్గొట్టావా? నీ దుంప తెగ, ఒక్క పని చెప్తే" అని కుర్రాణ్ణి నలుగురి ముందూ తిట్టేశారు. నా గుండె జారిపోయింది, వీడు మళ్ళీ ఏడాది రాడు అనుకున్నా. వాడు పగలబడి నవ్వాడు. "మీ ఓణీలనాటి లెక్క నాకెలా తెలుస్తుంది మామ్మా" అని ఎదురు మాట కూడా అన్నాడు. దుప్పటి ఇచ్చినప్పుడు కళ్ళెత్తని మనిషి, తిడితే నవ్వాడు. ఎందుకంటే యాక్సిడెంట్ అయినప్పటి నుంచి వాణ్ణి ఎవరూ తిట్టలేదు, ఇంట్లో వాళ్ళమ్మ కూడా. తప్పు చేస్తే "పర్లేదు నాన్నా" అనేవాళ్ళే అందరూ. ఇప్పుడు తొమ్మిదడుగుల ముగ్గు వాడి ఒక్క చుక్క దగ్గర ఆగిపోయింది.

అంచేత మీ తమ్ముడితో కూడా పర్లేదు పర్లేదు అనడం తగ్గించండి. బాలేకపోతే బాలేదనే చెప్పండి, మామూలు స్నేహితుడికి చెప్పినట్టు, ఎక్కడ బాలేదో కూడా చెప్పండి.

సరే ఇప్పుడు మీ ప్రశ్నల్లోకి. జనం వస్తారా అన్నారు. పేరు దగ్గరే సగం తేలిపోతుంది. "దివ్యాంగుల చిత్రకళా శిక్షణ" అని పెట్టారో, మామూలువాళ్ళు ఒక్కరూ రారు, రావాల్సినవాళ్ళు సిగ్గుపడి రారు, వచ్చేది దుప్పట్లు పంచేవాళ్ళే. ఆదివారం బొమ్మలు అని పెట్టుకోండి చాలు. మా గ్రూప్‌లో సగం మందికి ఏ సదరం సర్టిఫికెట్టూ (వైకల్యం ఉందని ప్రభుత్వం ఇచ్చేది) లేదు. పిల్లలు అమెరికాలో ఉండి ఒంటరిగా ఉండే దంపతులున్నారు, ఇంట్లో అత్తగారి నుంచి రెండు గంటలు తప్పించుకోడానికి వచ్చే కోడలుంది (ఆ మాట ఆవిడే చెప్పింది), ఎంసెట్ పోయి ఎవరికీ మొహం చూపించని కుర్రాడొకడు వచ్చాడు. ఎవరు దేనికోసం వచ్చారో ఎవరూ అడగరు, అదొక్కటి గట్టి రూలు. మొదట్లో అయిదారుగురు చాలు. పాతికమందితో మొదలెడితే అది క్లాసయిపోతుంది, మీరు టీచరైపోతారు, నాలుగు వారాల్లో నీరసం వచ్చేస్తుంది.

చోటు విషయంలో జనం బొమ్మల సామాను గురించి ఆలోచిస్తారు, నేనైతే ముందు బాత్రూమ్ చూడమంటా. మీకు నవ్వొస్తుందేమో. మా దగ్గర మొదటి ఏడాది ముగ్గురు ఆడవాళ్ళు మానేశారు, కారణం అడిగితే ఏవో చెప్పారు, అసలు కారణం హాల్లో బాత్రూమ్ తలుపు సన్నం, వీల్‌చైర్ పట్టదు, ఇంకొకావిడకి కింద కూర్చునేది వాడటం కుదరదు. పొద్దున్నుంచి మంచినీళ్ళు తాగకుండా వచ్చి రెండు గంటలు బిగబట్టుకు కూర్చునేవారు. ఇంకెవరొస్తారు? కాలనీ అసోసియేషన్‌తో పోట్లాడి తలుపు వెడల్పు చేయించి, కమోడ్ పెట్టించి, గోడకి పట్టుకునే రాడ్డు బిగించాక గానీ దార్లో పడలేదు. ర్యాంప్ సంగతి కూడా చాలామందికి తెలీదు, ఏదో ఒక చెక్క వాల్చేస్తారు, అది జారుడుబల్లలా ఉంటుంది. ఒక వంతు ఎత్తుకి పన్నెండు వంతుల పొడుగు ఉండాలి, అంటే ఆరంగుళాల మెట్టుకి ఆరడుగుల ర్యాంప్. బల్ల కింద మోకాళ్ళు దూరాలంటే నేల నుంచి 70 సెంటీమీటర్లయినా ఖాళీ ఉండాలి, మన మామూలు టేబుళ్ళకి సొరుగు అడ్డమొస్తుంది, సొరుగు పీకేయండి.

హాలు ఇవ్వనంటే 2016లో వచ్చిన వికలాంగుల హక్కుల చట్టం ఉంది, అందులో 21 రకాల వైకల్యాల్ని గుర్తించారు, 29వ సెక్షన్లో సాంస్కృతిక కార్యక్రమాల్లో, వినోదంలో అందరితో సమానంగా పాల్గొనే హక్కు గురించే రాశారు, ప్రభుత్వమూ స్థానిక సంస్థలూ దానికి ఏర్పాట్లు చేయాలని కూడా. ఆ సెక్షన్ నంబర్ వేసి మునిసిపాలిటీకి అర్జీ పెట్టుకోండి. మాట వినిపించుకోని గుమాస్తా కూడా సెక్షన్ నంబర్ చూస్తే కాగితం కింద పెట్టడు, అది నా అనుభవం.

సామాను గురించి పెద్దగా ఖర్చు పెట్టకండి. చార్ట్ పేపర్లు, పోస్టర్ కలర్స్, ఆయిల్ పేస్టల్స్, మైదా ఉడికించి చేసిన జిగురు, టైలర్ దగ్గర ఊరికే ఇచ్చే గుడ్డముక్కలు, అంతే. మీ తమ్ముడి విషయానికొస్తే చెయ్యి బిగుసుకుపోతుందా, లేక తనంతట తను కదిలిపోతుందా అనేది మీరు రాయలేదు, రెండింటికీ పద్ధతి వేరు, ఫిజియోని ఒకసారి కూర్చునే తీరు గురించి అడగండి. నాకు పనికొచ్చినవి మాత్రం చెప్తా. సన్నపు బ్రష్ పట్టుకోలేనివాళ్ళకి బ్రష్ కాడకి పాత తువ్వాలు ముక్క లావుగా చుట్టి పైన సైకిల్ ట్యూబ్ ముక్క ఎక్కించండి, జారదు. కాగితాన్ని నాలుగు వైపులా టేపుతో బల్లకి అంటించేయండి, లేకపోతే ఒక చెయ్యి కాగితం పట్టుకోడానికే సరిపోతుంది. రంగు గిన్నె బరువుగా ఉండాలి, అడుగున తడిగుడ్డ వేస్తే కదలదు. కాగితం బాగా పెద్దది ఇవ్వండి, చెయ్యి ఎటు విసురుగా పోయినా కాగితం మీదే పడాలి. చిన్న కాగితం ఇచ్చి గీత బయటికి పోయినప్పుడల్లా వాడు మన మొహం చూస్తుంటాడు, అది ఎందుకు చెప్పండి. ఇంకా త్వరగా అలిసిపోతారు వాళ్ళు, మనం గంటలో చేసేదానికి వాళ్ళ ఒంట్లో ఎక్కువ శక్తి ఖర్చవుతుంది, అందుకే మధ్యలో టీ బ్రేక్ అందరికీ పెట్టాలి, వాడొక్కడికే పెడితే మళ్ళీ వేరు చేసినట్టే.

ఒక్కటి మాత్రం అస్సలు చేయకండి, చెయ్యి పట్టుకుని గీయించడం. అమ్మానాన్నలకి ఇదొక జబ్బు, ప్రేమతోనే అనుకోండి. బొమ్మ అందంగా రావాలని పిల్లాడి చెయ్యి పట్టుకుని వీళ్ళే వేసేస్తారు. సాయం కావాలా అని అడగండి, తల ఊపితేనే ముట్టుకోండి. మాట సరిగ్గా రానివాళ్ళకి రెండు రంగులు ఎదురుగా పట్టుకుని చూపించండి, కళ్ళు ఎటు నిలిస్తే అది. ఎరుపా నీలమా అని రోజుకి పది సార్లు తనే తేల్చుకోవడం మనకి ఏమీ కాదు, ఏ చొక్కా వేసుకోవాలో కూడా ఇంట్లోవాళ్ళే తేల్చే మనిషికి అది చాలా పెద్దది. తల్లిదండ్రుల్ని ఏం చేయాలంటారా, వాళ్ళకీ ఒక కాగితం ఇచ్చి గదికి అవతలి చివర కూర్చోబెట్టండి. మొదట గొణుగుతారు. మా దగ్గర ఇలా కూర్చోబెట్టిన ఒక నాన్నగారు ఇప్పుడు కొడుకు రాకపోయినా ఆయనొస్తున్నాడు.

ఓపిక గురించి ఒక కథ చెప్తా, నిజంగా జరిగిందే. అమెరికాలో జుడిత్ స్కాట్ అని ఒకావిడ, 1943లో కవలల్లో ఒకరిగా పుట్టింది. డౌన్ సిండ్రోమ్, పైగా వినపడదు, వినపడదన్న సంగతి కూడా చాలా ఏళ్ళు ఎవరూ కనిపెట్టలేదు. ఏడేళ్ళప్పుడు తీసుకెళ్ళి ఒక సంస్థలో పడేశారు, 35 ఏళ్ళు అక్కడే. చివరికి కవల సోదరి జాయిస్ పోట్లాడి బయటికి తెచ్చుకుని, 1987లో కాలిఫోర్నియా ఓక్లండ్‌లో క్రియేటివ్ గ్రోత్ అనే చోట చేర్పించింది. అది 1974 నుంచీ ఇలాంటివాళ్ళ కోసం నడుస్తున్న ఆర్ట్ స్టూడియో. ఇంచుమించు రెండేళ్ళు ఆవిడ కాగితం మీద ఏదో గీకేది తప్ప దేనిమీదా మనసు పెట్టలేదు. ఎవరూ పొమ్మనలేదు. ఒకరోజు అక్కడ దారాలతో, నూలుతో పనిచేసే వర్క్‌షాప్ జరుగుతుంటే, దొరికిన వస్తువుల చుట్టూ నూలు చుట్టడం మొదలెట్టింది. 2005లో పోయేదాకా ఆపలేదు, ఆ దారపు బొమ్మలు ఇప్పుడు పెద్ద పెద్ద మ్యూజియాల్లో ఉన్నాయి. నాకు ఇందులో నచ్చేది మ్యూజియాల సంగతి కాదు, ఆ రెండేళ్ళు. మనమైతే రెండో నెలకే "మీ అమ్మాయికి ఇంట్రెస్ట్ లేదండి" అని పంపించేస్తాం.

మాకూ ఒక పిల్ల వచ్చింది, పదకొండేళ్ళు, ఆటిజం. ఫ్యాన్ శబ్దం పడదు, అందరి మధ్యా కూర్చోదు, కిటికీ దగ్గర నిలబడి ఇచ్చిన కాగితాన్నల్లా సన్నగా చింపేది. ఏడు వారాలు అదే. వాళ్ళమ్మ సిగ్గుతో చచ్చిపోయేది, కాగితాలకి డబ్బులిస్తానండి అనేది. తర్వాత మాకు ఒక పెద్ద చెట్టు కొలాజ్‌కి (కాగితం ముక్కలు అంటించి చేసే బొమ్మ) రంగు కాగితం చీలికలు కావాల్సొచ్చాయి, మిగతా పిల్లలు చింపితే ఒకటి లావు ఒకటి సన్నం, ఈ పిల్ల చింపినవి అన్నీ ఒకేలా ఉన్నాయి. కిటికీ దగ్గరే ఒక స్టూలూ, రంగు కాగితాల కట్టా, ఒక బుట్టా పెట్టాం. ఆ వైపు ఫ్యాన్ ఆపేశాం. ఇప్పుడు మా చింపుడు డిపార్ట్‌మెంట్ ఆ పిల్లదే. ఇంకా అందరి మధ్యలో కూర్చోదు, బుట్ట నిండగానే తెచ్చి నా ఒళ్ళో బోర్లించి పోతుంది. మా చెట్టుకి ఆకులన్నీ అక్కడి నుంచే వచ్చాయి.

చూపు లేనివాళ్ళు మీ వీధిలో ఉంటే బొమ్మలకి వాళ్ళెందుకు అని వదిలేయకండి. శాంతినికేతన్లో బినోద్ బిహారీ ముఖర్జీ అని పెద్ద చిత్రకారుడు, చిన్నప్పటి నుంచే చూపు తక్కువ, పెద్దయ్యాక ఒక ఆపరేషన్ తర్వాత పూర్తిగా పోయింది. ఆ తర్వాత కూడా కాగితాలు కత్తిరించి అంటించి బొమ్మలు చేశాడు, మైనంతో చేశాడు, 1972లో అక్కడి ఆర్ట్ కాలేజీ కళాభవన్ గోడకి టైల్స్‌తో పెద్ద గోడబొమ్మ చేశాడు. మేం ఇంట్లో వాడే చిట్కా ఏంటంటే అట్ట మీద పురికొస జిగురుతో అంటించి బొమ్మ గీత చేస్తాం, వేళ్ళతో తడిమి లోపల రంగో, గుడ్డముక్కో, కందిపప్పో నింపుతారు. మామ్మగారు మా తోలుబొమ్మని తడిమి చూసి ముక్కు బాలేదని వంక పెట్టారు, నిజంగానే బాలేదు.

వినపడనివాళ్ళుంటే గ్రూప్ అంతా కలిసి ఓ ఇరవై సైగలు నేర్చుకోండి, రంగుల పేర్లూ, కావాలి, వద్దు, టీ. మాట్లాడేవాళ్ళ మొహం మీద వెలుగు పడాలి, కిటికీకి వీపు పెట్టి మాట్లాడితే వాళ్ళకి మనం నల్లటి నీడే.

కొన్ని చేదువి కూడా చెప్పాలి. అందరూ నిలవరు. "మా పిల్లాడు మామూలుగా ఉన్నాడు కదా, వీళ్ళతో కూర్చుంటే వీడూ అలా అయిపోతాడేమో" అని మొహం మీదే చెప్పి తీసుకెళ్ళిపోయినవాళ్ళున్నారు. నేను మొదట్లో బతిమాలేదాన్ని, ఇప్పుడు బతిమాలను. ఇంకోటి, బొమ్మలు మందు కాదు. ఎవరైనా చచ్చిపోవాలనుంది లాంటి మాట అంటే, నిద్రా తిండీ మానేస్తే, రంగులిచ్చి కూర్చోబెట్టకండి, డాక్టర్ దగ్గరికే, లేదంటే మనసు బాలేనివాళ్ళ కోసం ప్రభుత్వం నడిపే టెలీ మానస్‌కి, 14416కి ఫోన్ చేయించండి, ఫ్రీయే. మూర్ఛ ఉన్నవాళ్ళు వస్తే ముందే కనుక్కోండి, ఫిట్స్ వస్తే పక్కకి ఒత్తిగిల్లేలా పడుకోబెట్టాలి, చేతిలో తాళాలు పెట్టడం నోట్లో చెంచా పెట్టడం ఇలాంటివి ఎవర్నీ చేయనివ్వకండి, అయిదు నిమిషాలు దాటితే 108. పిల్లలతో గానీ మాట రానివాళ్ళతో గానీ ఒక్క మనిషిని ఒంటరిగా వదలకండి, ఎప్పుడూ ఇద్దరు పెద్దవాళ్ళుండాలి, ఎంత తెలిసినవాళ్ళైనా సరే, దీన్లో మొహమాటం వద్దు. ఫొటోలు అడక్కుండా వాట్సాప్‌లో పెట్టడం కూడా అంతే, దుప్పటి సంగతి చెప్పాగా.

డబ్బులు: మేం ఒక డబ్బా పెట్టాం, నెలకి ఎవరికి తోచింది వాళ్ళు వేస్తారు, ఎవరెంత వేశారో ఎవరికీ తెలీదు. సరిపోతుంది. ఫ్రీ అని మాత్రం పెట్టొద్దు, ఊరికే వచ్చిందాని మీద అధికారం ఉండదు మనిషికి, పది రూపాయలు వేసినవాడు కూడా "ఈసారి బ్రష్‌లు చెత్తవి కొన్నారేంటి" అని అడగగలడు, అడగాలి.

వాడికి ధైర్యం వస్తుందా అన్నారు. వస్తే ఎలా తెలుస్తుందంటే, మీరు అనుకున్నట్టు స్టేజీ ఎక్కి మాట్లాడేయడు. "నాకు ఆ రంగు వద్దు" అంటాడు. పక్కవాడి కాగితం చూసి ఇది తప్పు అంటాడు. ఆదివారం మీరు లేటుగా లేస్తే కేకలేస్తాడు. మీరు తోడు రానక్కర్లేదు అంటాడొక రోజు, ఆ రోజు మీకు కాస్త బాధగా కూడా ఉంటుంది, ఉంటుందనే చెప్తున్నా. రాని వారం మాత్రం తప్పకుండా ఎవరో ఒకరు ఫోన్ చేయాలి, మీరు కాకుండా గ్రూప్‌లో ఇంకొకరు, "ఏంటి రాలేదు, నీ పైపుతో చుక్కలు పెట్టడం నాకు రాలేదురా" అని.

ఇంకోటి, మీరు ఇంత రాశారు గానీ తమ్ముడేమన్నాడో ఎక్కడా రాయలేదమ్మా. ముందు వాణ్ణి అడగండి. పొద్దున్నా సాయంత్రమా, మీ ఇంటి అరుగు మీదా గుడి మంటపంలోనా, ఎవర్ని పిలవాలి, ఎవరొద్దు, అన్నీ వాడే చెప్పనివ్వండి. వద్దంటే కొన్నాళ్ళాగండి. సరేనంటే మొదటి ఆదివారమే 169 చుక్కలొద్దు, 7 చుక్కలు 4 వచ్చేదాకా వేయండి, 37 చుక్కలే, గంటలో అయిపోతుంది. ముగ్గుపిండి మాత్రం ముందురోజు ఎండబెట్టి జల్లించి ఉంచండి, తేమ ఉంటే పైపులో ఉండ కట్టి దిగదు, ఆ రోజంతా తిట్లు మీకే.